గీత కింద ఏడుగురు

మా బడి పిల్లలు నాకు పెట్టిన పేరు ఉరుము మేడమ్. పెట్టినందుకు నాకేం బాధ లేదు. ఇరవై ఆరేళ్ళుగా బడి నడుపుతున్నదాన్ని, గొంతు లేకపోతే ఎలా కుదురుతుంది? కానీ ఇప్పుడు చెప్పబోయేది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు. అసలు ఎవరికీ చెప్పుకోదగ్గదే కాదు. చెప్పకపోతే లోపల్లోపల కుమిలి చచ్చేలా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

మా జిల్లా విద్యాశాఖ కింద పంతొమ్మిది ప్రాథమిక పాఠశాలలున్నాయి. ఏ బడికి ఎందరు టీచర్లు, ఏ బస్సు ఏ దారిన పోవాలి, ఎన్ని బల్లలు, ఎన్ని పుస్తకాలు, అన్నీ జిల్లా ఆఫీసులోనే తేలతాయి. చదవడంలో వెనకబడ్డ పిల్లల కోసం విడిగా కొందరు టీచర్లుంటారు. వాళ్ళు ఏ ఒక్క బడికీ చెందరు. రెండు రోజులు ఇక్కడ, రెండు రోజులు అక్కడ. మాకు మంగళవారం, గురువారం వచ్చే ఆవిడ చక్రాల సంచి ఒకటి గడగడా లాక్కుంటూ వచ్చేది. దాన్నిండా అట్టముక్కలు, చెక్క అక్షరాలు, పల్చటి పుస్తకాలు. అలా ఆవిడ సంచి టీచర్ అయిపోయింది. మెట్ల కింద సామాన్ల గదిని ఖాళీ చేయించి ఆవిడకి ఇచ్చాను. అందులో ఓ గుండ్రటి బల్ల, బల్ల చుట్టూ మా పిల్లలు ఏడుగురు.

ఆ ఏడుగురిలో మూడో తరగతి పిల్ల ఒకతి ఉంది. మా బడి బస్సు నడిపే డ్రైవరు కూతురు. తల్లి లేదు, తండ్రే జడ వేస్తాడు, ఆ జడ ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. ఒక మాట కూడబలుక్కుని చదవగలిగితే చాలు, ఠక్కున చిటిక వేస్తుంది. అందుకని అందరం దాన్ని చిటిక అనే పిలుస్తాం. కిందటేడు మొదట్లో దానికి అక్షరాలు కూడా సరిగ్గా తెలియవు. సంచి టీచర్ చేతిలో పడ్డాక ఏడాది తిరిగేసరికి చిన్న చిన్న వాక్యాల దాకా వచ్చింది. ఆ గది పక్కనుంచి వెళ్తుంటే చిటికలు వినబడేవి. వింటూ నేనూ నవ్వుకునేదాన్ని, అబద్ధమెందుకు.

ఇక నా జబ్బు సంగతి చెప్పాలి. ప్రతి ఏడాదీ బళ్ళు తెరిచిన నెలలో జిల్లావాళ్ళు వచ్చి పరీక్ష పెడతారు. ప్రతి పిల్లా ఒక పేజీని నిమిషం పాటు పైకి చదవాలి. నలభై మాటలు దాటితే గీత పైన, దాటకపోతే గీత కింద. తరవాత హెడ్మాస్టర్లందర్నీ పిలిచి, పంతొమ్మిది బళ్ళ పేర్లూ వరసగా గోడ మీద తెర వేసి చూపిస్తారు. కిందటేడు మా బడి పదిహేడోది. రెండోది ఎవరిదనుకున్నారు? మా తోడికోడలిది! నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది, హెడ్మిస్ట్రెస్ అయ్యి మూడేళ్ళు కాలేదు. నా పక్క కుర్చీలోనే కూర్చుని, "పోనీలే అక్కా, మీ దగ్గర పిల్లలు వేరు కదా" అంది. ఓదార్పుగానే అంది పాపం. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళాక మా ఆయన, "ఏంటి, మా తమ్ముడి పెళ్ళాం నిన్ను దాటేసిందటగా" అని నవ్వాడు. ఆ పూట నేను అన్నం తినలేదు, ఆయన్నీ తిననివ్వలేదు.

ఈ ఏడు పరీక్ష తేదీ తెలియగానే నా బుర్రలో పురుగు తొలిచింది. రానివాళ్ళని లెక్కలోంచి తీసేస్తారని అందరికీ తెలుసు. జ్వరమొచ్చిన పిల్లనెవరు చదివిస్తారు? ఆ ఏడుగురూ ఆ రోజు బళ్ళో లేకపోతే సరి. బళ్ళో లేరంటే ఎక్కడున్నట్టు? అలా పుట్టింది పార్కు ప్రయాణం. 'ప్రకృతి పరిశీలనకు ఎంపికైన విద్యార్థులు' అని కాగితం తయారుచేసి, ఏడు పేర్లు రాసి, కింద ముద్ర కొట్టాను. ఎంపికైన అన్న మాట నేనే వెతికి మరీ పెట్టాను. ఆ మాట రాసిన చేత్తోనే ఇప్పుడు నా నెత్తి నేను కొట్టుకుంటున్నాను.

డ్రైవరుకి కాగితం ఇస్తే రెండుసార్లు చదువుకున్నాడు.

"మా పాప కూడా ఉందా మేడమ్?"

"ఆఁ, ఉంది."

"మొత్తం బడికి ఏడుగురేనా?"

"ఏడుగురే. పొద్దున్న తొమ్మిదికి బయల్దేరండి, మూడింటి దాకా తీసుకురాకండి. నెమ్మదిగా అన్నీ చూపించండి."

మనిషి ఏనుగెక్కినంత సంబరపడిపోయాడు. మర్నాడు బస్సు తుడిచి తళతళలాడించాడు. చిటికకి రెండు జడలు వేశాడు, రెండూ వంకరే. ఆ పిల్ల మెట్టు ఎక్కుతూ నావంక చూసింది. నేను వాచీ చూసుకున్నాను.

పరీక్ష జరిగింది. మా బడి మూడోస్థానం! గీత కింద ఒక్కరంటే ఒక్కరు లేరు. గోడ మీద మా పేరు కనబడగానే హాలంతా చప్పట్లు. మా తోడికోడలిది ఈసారి పన్నెండో స్థానం. ఆవిడ బడి పక్కన కొత్త ఇళ్ళు లేచాయి, ఎక్కడెక్కడినుంచో పిల్లలొచ్చి చేరారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో అందరికన్నా గట్టిగా కొట్టింది ఆవిడే. నేను మెచ్చుకోలు పట్టా అందుకున్నాను, ఫొటోకి నవ్వాను. సిగ్గులేనిదాన్ని, అప్పుడు నాకు నిజంగానే ఆనందంగా ఉంది.

పది రోజులకి సంచి టీచర్ నా గదిలోకి వచ్చి ఓ ఉత్తరం బల్ల మీద పెట్టింది. వచ్చే సోమవారం నుంచి ఆవిడ మా బడికి రాదు. మా మంగళవారం, గురువారం మా తోడికోడలి బడికి వెళ్ళిపోయాయి.

"ఇదేంటి? ఎవర్నడిగి చేశారు?" అని ఉరిమాను.

"మీ దగ్గర గీత కింద ఎవరూ లేరట కదా మేడమ్," అందావిడ నెమ్మదిగా. "ఏడుగురికి తగ్గితే ఆ బడికి మేం రాం. ఈ ఏడు కొత్తగా పెట్టిన నిబంధన. మీకు పంపారు కదా."

పంపారు. ఆరు పేజీలు. ఆ నిబంధన నాలుగో పేజీలో ఉంది. నేను మొదటి పేజీ చూసి ఆఖరి పేజీలో సంతకం పెట్టాను. రోజుకి పది వస్తాయి అలాంటివి, ఎవరు చదువుతారు? పిల్లలు చదవడం లేదని గింజుకునే హెడ్మిస్ట్రెస్ చేసిన పని ఇది.

ఆవిడ ఇంకా వెళ్ళలేదు. హాజరుపట్టీ అందుకుని పరీక్ష తేదీ మీద వేలు పెట్టింది. "ఆ రోజు ఈ ఏడుగురూ లేరా మేడమ్?"

"పార్కుకి పంపాం. పుస్తకాలొక్కటేనా చదువు?"

"ఊఁ" అంది. వెళ్ళి సంచి సర్దుకుంది. ఎవరికి ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరెక్కడ తడబడతారో రాసిన నోటుపుస్తకం నా బల్ల మీద వదిలి వెళ్ళింది. ఆ ఊఁ బదులు నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది.

మర్నాడే జిల్లా ఆఫీసుకి పరిగెత్తాను. టీచర్లని బళ్ళకి పంచే అధికారి కళ్ళజోడు కుర్రాడు, మహా మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. వెనక గోడ మీద పంతొమ్మిది బళ్ళకీ పంతొమ్మిది గళ్ళు, గళ్ళలో రంగురంగుల చీటీలు. మా గడిలో సంచి టీచర్ చీటీ ఉన్నచోట జిగురు మరక మిగిలింది.

"మీ బడి పేరు ప్రతి మీటింగులోనూ చెప్తున్నాం మేడమ్. ఒక్క ఏడాదిలో ఏడుగుర్ని పైకి తెచ్చారంటే మాటలా!"

"అది సరే బాబూ. ఆ టీచర్ని మాత్రం మాకే ఉంచండి."

"ఎలా ఉంచనండీ? ఉన్నది నలుగురు టీచర్లు. అవసరం ఉన్నచోటికే పంపాలి కదా. ఒకవేళ పరీక్ష రోజు రానివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మళ్ళీ పెడదాం. ఎందుకు రాలేదో ఓ ఉత్తరం రాసిస్తే చాలు."

ఒక్క ఉత్తరం. పెన్ను నా చేతిలోనే ఉంది. ఎందుకు రాలేదని రాయను? నా తోడికోడలు నన్ను దాటేసిందని దాచేశాను అని రాయనా? "చూస్తాను" అని లేచాను. ఆ కుర్రాడు గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

మరేం చేశానంటారా? పౌరుషానికి పోయాను. సంచి టీచర్ లేకపోతే బడి మునిగిపోతుందా, నేనే చెప్పుకోలేనా అని మంగళ గురువారాలు ఆ మెట్ల కింద గదిలో నేనే కూర్చున్నాను. ఆవిడ నోటుపుస్తకంలో చిటిక పేజీ తీస్తే ఇలా ఉంది: 'తొందర పెట్టకూడదు. చిటిక వేయనివ్వాలి.' చూశాను. చూసి కూడా రెండో వారం నా గుణం పోనిచ్చుకున్నానా? అటు ఫోను మోగుతోంది, ఇటు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు, ఈ పిల్ల ఒకే మాట దగ్గర అయిదోసారి ఆగి, చివరికి చదివి, ఠక్కుమని చిటిక వేసింది.

"ఆపవే ఆ చిటికలు! ఇదేమన్నా ఆటనుకున్నావా?"

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ బిగుసుకుపోయారు. ఆ పిల్ల చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు నుంచి పుస్తకం తెరిస్తే ఒకటే మాట. "రాదు మేడమ్." మొండితనం కాదు. ఎవరో టైమడిగితే చెప్పినట్టు చెబుతుంది.

ఆ వారంలోనే మా తోడికోడలు ఫోను చేసింది. "అక్కా, మీ సంచి టీచర్ మాకొచ్చింది తెలుసా! మా దగ్గర పదకొండు మంది తేలారు గీత కింద. ఆ మీటింగులో చచ్చినంత పనైంది నాకు. ఇప్పుడనిపిస్తోంది, తేలడమే మంచిదైందని. అయినా నువ్వేం మంత్రం వేశావో చెప్పు. ఓసారి వచ్చి మా టీచర్లతో మాట్లాడవా?"

ఎత్తిపొడుపైనా బాగుండేది, తిప్పికొట్టేదాన్ని. ఆవిడ నిజంగానే అడుగుతోంది. గొంతులో నలతగా ఉందని ఫోను పెట్టేశాను.

అప్పటికీ నేను నోరు విప్పలేదండీ. ఇన్నేళ్ళ సర్వీసు, పిల్లలకి రోజూ నిజం చెప్పమని చెప్పే నోరు, మూడు వారాలు మూసుకునే ఉంది. విప్పించింది డ్రైవరు. ఓ సాయంత్రం పిల్లల్ని దింపేసి వచ్చి నా గది బయట టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, మా పాప ఇంట్లో పుస్తకం ముట్టడం లేదు. ఇదివరకు దుకాణాల బోర్డులన్నీ చదువుతూ నా ప్రాణం తీసేది. ఇప్పుడు నోరే తెరవడంలేదు. మీరు ఎంపిక చేసిన పిల్ల కదా, మీరొక్క మాట చెప్తే వింటుంది."

ఆయన జేబులోంచి ఓ ఫొటో తీసి చూపించాడు. పార్కులో ఏడుగురు పిల్లలు, మధ్యలో రెండు వంకర జడలు. "బస్సులో నా సీటు పక్కనే అంటించానండీ, ఇదింకో కాపీ. ఎక్కినవాళ్ళందరికీ చెప్తాను, బడి మొత్తానికి ఏడుగుర్ని తీశారు, అందులో మా పాప ఒకతి అని."

ఆయన వెళ్ళగానే తలుపేసుకుని ఉత్తరం రాశాను. దాచానని రాశాను. ఎందుకు దాచానో రాశాను. తోడికోడలి మాట రాయలేదు, గోడ మీది వరస చూసి సిగ్గుపడి దాచానని రాశాను. మర్నాడు పొద్దున్నే నేనే పట్టుకెళ్ళి కళ్ళజోడు కుర్రాడికి ఇచ్చాను. చదివాడు. ఈసారి కుర్చీ చూపించలేదు. చూపించాలని తోచలేదేమో పాపం, చేతిలో కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"పైవాళ్ళకి చెప్పాలి మేడమ్."

"చెప్పండి."

"పట్టా వెనక్కిచ్చెయ్యాలి. ఆ ఏడుగురికీ మళ్ళీ పరీక్ష పెడతాం. ఏడుగురూ రావాలి. ఒక్కరు తగ్గినా నేను ఆ టీచర్ని మీకివ్వలేను. పిల్లల ఇళ్ళల్లో సంతకాలు తీసుకోండి, ఎందుకో చెప్పి తీసుకోండి."

ఆరు ఇళ్ళు తిరిగాను. ఒక తల్లి చెడామడా తిట్టింది. ఒక తాత, "మావాడికి రాదని నాకు తెలీదా, దీనికింత నాటకమెందుకు?" అన్నాడు. తిట్లన్నీ నెత్తిన వేసుకున్నాను. ఉరుము మేడమ్ నోట్లోంచి పిల్లి కూత కూడా రాలేదు. డ్రైవరుని ఆఖరికి ఉంచుకున్నాను, అంతకన్నా ముందు ముఖం చెల్లలేదు.

బస్సు షెడ్డులో చెప్పాను. ఆయన చక్రానికి గాలి కొడుతున్నాడు. నేను చెబుతున్నంతసేపూ గొట్టం పట్టుకునే ఉన్నాడు. అంతా విని కాగితం అడిగాడు. ఈసారి ఒక్కసారే చదివి సంతకం పెట్టాడు.

"నన్ను క్షమించండి" అన్నాను. జీవితంలో ఓ పెద్దమనిషితో నేనలా అనడం అదే మొదలు.

"అదలా ఉంచండి మేడమ్. మా పాపకి మాత్రం చెప్పకండి. దాన్ని ఎంపిక చేశారనే అనుకుంటోంది. ఆ ఒక్కటీ ఉండనివ్వండి."

సరేనన్నాను. ఇంకేమంటాను?

మళ్ళీ పరీక్ష పెట్టే రోజు వచ్చింది. పరీక్ష పెట్టే ఆవిడ తొమ్మిదిన్నరకల్లా వచ్చి మెట్ల కింద గదిలో కూర్చుంది. ఒకరి తరవాత ఒకర్ని పంపుతున్నాను. ఆరుగురయ్యారు. చిటిక లేదు. పొద్దున్న బస్సు దిగడం చూశానని టీచరు చెప్పింది. తరగతి గదిలో లేదు, దొడ్లో లేదు, కొళాయిల దగ్గర లేదు. గేటు బయటికి పోయిందేమోనని రోడ్డు దాకా వెళ్ళి చూసొచ్చాను. డ్రైవరు కూడా వచ్చి వెతుకుతున్నాడు. ఆయన బడి వెనక్కి పోతే నేను ఆగి ఉన్న బస్సెక్కాను.

చిట్టచివరి సీటు కింద, సంచీ ఒళ్ళో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. నాకు కోపం రావాలి, అలవాటు ప్రకారం. రాలేదు. మోకాళ్ళు పట్టేస్తున్నా కిందకి వంగి కూర్చున్నాను.

"ఏమ్మా, ఇక్కడేం చేస్తున్నావు? లోపల నీకోసం చూస్తున్నారు."

"నేను రాను మేడమ్. నేను చదివితే మన స్కూలు పేరు మళ్ళీ కిందకి పోతుంది."

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ రోజు పార్కుకి పంపింది అందుకే కదా? వెళ్ళినవాళ్ళమందరం సంచి టీచర్ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళమే." వేలితో సీటు ఇనపకడ్డీని గీకుతూ అంది. "ఈసారి బస్సక్కర్లేదు మేడమ్. నేనే దాక్కుంటాను."

మొదటి రోజునుంచీ దీనికి తెలుసు. మెట్టెక్కుతూ నావంక చూసినప్పుడే తెలుసు. "తప్పు నాది తల్లీ," అన్నాను. "నీకు రాకపోవడం తప్పు కాదు. నేను దాచడం తప్పు. సిగ్గుపడాల్సింది నేను, నువ్వు కాదు. నువ్వు లోపలికొచ్చి ఎంత వస్తే అంత చదివితే మీ టీచర్ మళ్ళీ మీ బల్ల దగ్గరికొస్తుంది. నువ్వు రాకపోతే మిగతా ఆరుగురికీ టీచర్ రాదు."

సీటు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, గౌను దులుపుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"వస్తాను. కానీ నాన్నకి చెప్పకండి మేడమ్. నన్ను ఎంపిక చేశారనే అనుకుంటున్నాడు. అందరికీ చెప్పుకున్నాడు."

"చెప్పను" అన్నాను.

చెయ్యి పట్టుకుని దింపాను. డ్రైవరు అప్పుడే ఆయాసపడుతూ వచ్చి మెట్టు దగ్గర ఆగాడు. కూతుర్ని చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన నా వంక ఓసారి చూశాడు, పాపకి చెప్పలేదు కదా అన్నట్టు. ఆ పిల్ల నా వేలు నొక్కింది, చెప్పొద్దన్నట్టు. ముగ్గురం కలిసి బడి గుమ్మం వైపు నడిచాం. మా ముగ్గురిలో తల దించుకోవాల్సింది నేనొక్కదాన్నే. దించుకుని నడిచింది మాత్రం వాళ్ళిద్దరూ.